‘ఏం కాదు’ అనకుండా చేసిన ఆపరేషన్

పశువైద్యం చదివి కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడడానికి వస్తుంటారు. టీ తాగుతూ, "సార్, మీ సర్వీసుల మీరు బాగ భయపడ్డ కేసు ఏది?" అని అడుగుతారు. పొడిచే ఎద్దు గురించో, పిచ్చికుక్క గురించో చెబుతానని వాళ్ల ఆశ. వాటి దగ్గర నేను పెద్దగా భయపడింది లేదు. ఎద్దు మీదికి వస్తే పక్కకు తప్పుకోవచ్చు. తప్పుకోవడానికి చోటు లేకుండా నన్ను నిలబెట్టింది మాత్రం మూడు కిలోలు కూడా తూగని ఒక పిల్లి.

అప్పుడు నేను మెదక్ పశువుల దవాఖానలో ఉన్నాను. నా రిటైర్మెంట్ దగ్గర పడింది. ఉద్యోగమంతా బర్రెలు, మేకలు, గొర్రెలతో గడిచిపోయింది. బర్రెకు దూడ అడ్డం తిరిగితే పక్క కోసి తీయడం నాకు అన్నం తిన్నంత అలవాటు. దానికి పూర్తి మత్తు కూడా ఇవ్వం. కోసే చోట తిమ్మిరి మందు ఎక్కిస్తే అది నిలబడే ఉంటుంది, మధ్యలో నెమరు కూడా వేస్తుంది. పిల్లి సంగతి అట్లా కాదు. దాన్ని పూర్తిగా నిద్రపుచ్చాలి. ఆ నిద్రలో దాని ఊపిరి ఎప్పుడు ఆగిందో కూడా తెలియదు. పిల్లి కడుపు కోయడం అప్పటికి నేను చేసింది చాలా తక్కువ. చేసిన ప్రతిసారీ నా చొక్కా వీపు తడిసిపోయింది.

అదృష్టవశాత్తు మా దవాఖానకు ఒక చిన్న డాక్టరమ్మ కొత్తగా వచ్చింది. కుక్కలు, పిల్లుల వైద్యం ప్రత్యేకంగా చదివింది. మాటలు తక్కువ. స్టెతస్కోప్ చెవిలో పెట్టుకుంటే కళ్లు మూసుకుంటుంది. మాకు ఒక అటెండర్ ఉండేవాడు. ఎంతటి దున్నపోతునైనా ఒంటిచేత్తో ఆపగలిగే మనిషి. పిల్లిని చూస్తే మాత్రం రెండడుగులు వెనక్కి వేసేవాడు. "బర్రెకు ముందల కొమ్ములు, వెనుక కాళ్లు, అంతే సార్. దీనికి ఎటుచూసినా గోర్లే," అనేవాడు.

ఒకరోజు పొద్దున్నే ఇద్దరు ఆడవాళ్లు కూరగాయల ప్లాస్టిక్ బుట్ట మీద తువాలు కప్పి తెచ్చారు. అత్తాకోడళ్లు. కోడలు మనుషుల దవాఖానలో నర్సు. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, తెల్లచీర నలిగి ఉంది. అత్తకు అరవై దాటి ఉంటాయి. తువాలు తీస్తే లోపల గోధుమరంగు ఆడపిల్లి. ముక్కు మీద నల్లమచ్చ. కళ్లు సగం మూసి, కడుపు కింద కాళ్లు ముడుచుకొని పడుకుంది.

"ఏమైందమ్మా?" అని అడిగాను.

పెద్దావిడ నా వైపు చూడకుండా పిల్లితో మాట్లాడింది. దాన్ని వాళ్లు పోరి అని పిలుస్తారు. "పోరీ, మీ అమ్మకు చెప్పు, డాక్టర్ సాబ్‌కు అన్నీ సక్కగ చెప్పమని."

కోడలు కూడా పిల్లి తల నిమురుతూనే అంది. "రెండు మూడు రోజుల సంది ఏం తింటలేదు సార్. నీళ్లు మాత్రం మస్తు తాగుతంది. కడుపు ఉబ్బింది. కడుపుతోని ఉందేమో అనుకున్నం."

"పోరీ, నేను ముందే చెప్పిన అని చెప్పు. ఇది కడుపు గాదు, రోగమని."

"పోరీ, నాయనమ్మ చెప్పింది నిజమే అని నేను ఒప్పుకున్న అని చెప్పు."

నేను ఎవరి ముఖం చూడాలో తెలియక బుట్టలోకి చూశాను. ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరు మనుషులు ఒక పిల్లిని మధ్యన పెట్టుకొని మాట్లాడుకోవడం నేను అంతకుముందు చూడలేదు.

చేతితో కడుపు తడిమాను. లోపల రెండు పక్కలా లావుగా, మెత్తగా, నీళ్లు నింపిన తిత్తుల్లా తగిలాయి. గర్భసంచిలో చీము అని అనుమానం వచ్చింది. జ్వరం ఎక్కువగా ఉంది. ఆపరేషన్ చేసి గర్భసంచి తీసేయాల్సి రావచ్చని చెప్పాను. పెద్దావిడ చెయ్యి బుట్ట అంచును గట్టిగా పట్టుకుంది. ఆ చెయ్యి చూసి, ఎన్నో ఏళ్లుగా రైతులతో అంటున్న మాటే నా నోటి నుంచి జారిపోయింది.

"ఏం కాదమ్మా, భయపడకుండ్రి."

ఆమె బుట్ట మీద తువాలు కప్పేసింది. "పోరీ, పోదాం పా," అని బుట్ట ఎత్తుకొని బయటికి నడిచింది. కోడలు ఆపలేదు. ముఖం పాలిపోయి, గోడకు ఆనుకొని నిలబడిపోయింది. కాసేపటికి ఆమె కూడా వెళ్లిపోయింది.

నేను ఏం తప్పు మాట్లాడానో నాకు అర్థం కాలేదు. మా అటెండర్ ఇల్లు కూడా వాళ్ల వాడకట్టులోనే. అతడు తలుపు దగ్గరగా వేసి చెప్పాడు.

"ఆ ముసలామె పెనిమిటికి హెర్నియా ఉండె సార్. ఆయన ఆపరేషన్ అంటే భయపడిండు. కోడలే దగ్గర కూసొని నచ్చజెప్పింది. ‘ఏం కాదు మామా, గంటల బయటికొస్తవు, నేనుంట గద’ అన్నది. హైదరాబాద్‌ల పెద్ద దవాఖాననే. ఆయన నవ్వుకుంట లోపలికి పోయిండు. మళ్ల లేవలే. గుండెల ఏదో ఉండెనంట, ఎవరికీ తెల్వది. ఎవరి తప్పూ లేదు సార్, డాక్టర్లు కూడ ఏడ్చిండ్రంట. గప్పటి సంది అత్త కోడలితోని మాట్లాడదు. తిట్టది, కొట్లాడది. ఊకె మాట్లాడదు, అంతే. కొడుకు బస్సు నడుపుతడు, రెండు రోజులకోసారి ఇల్లు చేరుతడు. ఇంట్లకు ఈ పిల్లి ఒచ్చినంక, గీ పిల్లికి చెప్పినట్టు ఒకరికొకరు చెప్పుకుంటరు. గీ పిల్లి పోతే ఆ ఇంట్ల మాటే ఉండది సార్."

నేను చేతులు కడుక్కోవడానికి వెళ్లి, నీళ్లు విప్పి, అలాగే నిలబడ్డాను. అప్పటివరకు అది ఒక జబ్బు పిల్లి. ఇప్పుడు అది ఏమిటో నాకు తెలిసింది. తెలియకపోతే బాగుండేదని అనిపించింది.

మధ్యాహ్నం వాళ్లు మళ్లీ వచ్చారు. మధ్యలో కోడలు పిల్లిని ఆటోలో తూప్రాన్‌లో ఉన్న ఒక ప్రైవేటు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి కడుపుకు స్కానింగ్ చేయించింది. అత్త కూడా వెళ్లింది, అయితే ఆటోలో ముందు సీట్లో, డ్రైవర్ పక్కన కూర్చుందట. నా అనుమానమే నిజమైంది. గర్భసంచి నిండా చీము ఉంది, బయటికి వచ్చే దారి మూసుకుపోయింది. దారి తెరుచుకొని ఉంటే మందులతో కొంత నెట్టుకురావచ్చు. మూసుకుపోతే సంచి లోపలే పగలవచ్చు. పగిలితే ఇక మన చేతిలో ఏమీ ఉండదు.

చిన్న డాక్టరమ్మ పిల్లి ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టి కళ్లు మూసుకుంది. చాలాసేపు తీయలేదు. ఫ్యాన్ ఆపమంది. ఆ తర్వాత నన్ను పక్కకు పిలిచింది.

"సార్, ఒకసారి మీరు వినుండ్రి."

విన్నాను. నా చెవులకు వేగంగా కొట్టుకుంటున్న పిల్లి గుండె తప్ప మరేమీ వినపడలేదు. ఆమె తన స్టెతస్కోప్ నాకు ఇచ్చి, అది పెట్టాల్సిన చోటు వేలితో చూపించింది. అప్పుడు వినపడింది. రెండు చప్పుళ్లు ఉండాల్సిన చోట మూడు. గుర్రం దౌడు తీస్తున్నట్టు. కాసేపు ఉండి, మళ్లీ మామూలైపోయింది. మళ్లీ వచ్చింది.

"జ్వరానికి కూడ గిట్ల కొట్టుకోవచ్చు సార్. గుండె కండరమే దొడ్డుబడి కూడ ఉండొచ్చు. స్కాన్ చేస్తేనే తెలుస్తది. ఉంటే మాత్రం మత్తుల పోవచ్చు. సెలైన్ ఎక్కువైనా ఊపిరితిత్తులల్ల నీళ్లు చేరుతయ్."

"ఉందంటవా, లేదంటవా?"

"చెప్పలేను సార్."

ఆ జవాబు నాకు నచ్చలేదు. అంతకన్నా నిజమైన జవాబు లేదని కూడా నాకు తెలుసు.

జిల్లా డాక్టర్లకు భయం వేసినప్పుడు ఒక దిక్కు ఉంటుంది. అది హైదరాబాద్. చేతులు చల్లబడ్డప్పుడల్లా ఆ వైపు చూపిస్తాం. నేనూ అదే చేశాను. గుండె స్కాన్ అక్కడ చేయించండి, వాళ్లే ఆపరేషన్ కూడా చేస్తారు అన్నాను. అంటున్నప్పుడే నా భుజాలు తేలికపడ్డాయి. కోడలు వెంటనే ఫోన్ తీసి అక్కడి పెంపుడు జంతువుల క్లినిక్‌లతో మాట్లాడింది. గుండె చూసే డాక్టర్ ఊళ్లో లేడని ఒకరు, మరుసటి రోజు సాయంత్రం తీసుకురమ్మని ఇంకొకరు. జ్వరంతో ఉన్న పిల్లిని అంత దూరం తేవడం కూడా ప్రమాదమేనని ఆ రెండో వాళ్లే అన్నారు.

నేను యాంటీబయాటిక్, జ్వరానికి మందు ఇచ్చి, ఆ రాత్రికి చూద్దాం అన్నాను. పొద్దున్నే ఎలా ఉందో చూసి నిర్ణయిద్దాం అన్నాను. ‘చూద్దాం’ అనేది కూడా ఒక దిక్కే.

ఇంటికి వెళ్లినా నాకు అన్నం సహించలేదు. మా ఆవిడ ఏమైందని అడిగితే పిల్లి అన్నాను. ఆమె నవ్వబోయి, నా ముఖం చూసి ఆపుకుంది. కళ్లు మూసుకుంటే చాలు, బల్ల మీద పడుకున్న ఆ పిల్లి ఛాతీ లేవడం ఆగిపోయి కనిపించేది. నేను బయటికి వచ్చి ఆ ఇద్దరి ముందు నిలబడి ఏం చెప్పాలి? ఎవరి వైపు చూసి చెప్పాలి? పిల్లి లేనప్పుడు ఆ మాట ఒకరికొకరు ఎలా చెప్పుకుంటారు?

పొద్దున్న నేను దవాఖాన గేటు తీసేసరికే వాళ్లు మెట్ల మీద ఉన్నారు. బుట్ట ఇద్దరి మధ్యన ఉంది. పిల్లి ఒళ్లు ముందురోజులా కాలడం లేదు. ఆ సంగతి చూసి పెద్దావిడ కొంచెం ఆశగా, "పోరీ, జ్వరం దిగింది గద," అంది. నర్సుకు, నాకు, చిన్న డాక్టరమ్మకు, ముగ్గురికీ ఆ దిగడం ఎలాంటిదో తెలుసు. చిగుళ్లు తెల్లబడ్డాయి. చెవులు చల్లగా ఉన్నాయి. కడుపు ఇంకా బిగిసింది. ఒళ్లు ఓడిపోతున్నప్పుడు వచ్చే చల్లదనం అది.

ఇక చూద్దాం అనడానికి లేదు. లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. కోడలు కూర్చోలేదు.

"సార్, నేను రోజూ ఆపరేషన్ టేబుల్ కాడ నిలబడతా," అంది ఆమె. ఈసారి నాతోనే మాట్లాడింది. "నాకు తెలుసు ఏమైతదో. చేయమని చెప్పాలనే ఉంది. నా నోట్లకెల్లి ఆ మాట రాదు సార్. నేను చెప్పను. నన్ను అడగొద్దు." ఆమె బుట్ట మీద తువాలు సరిచేసింది. "మీరు కూడ భయపడుతుండ్రు గద సార్?"

నా సర్వీసులో ఏ రైతూ నన్ను ఆ మాట అడగలేదు. చిన్న డాక్టరమ్మ నేల చూపులు చూసింది. అబద్ధం చెప్పాలని నోరు తెరిచాను. ముందురోజు ఆ బుట్ట మీద తువాలు కప్పిన తీరు గుర్తొచ్చింది.

"భయపడుతున్ననమ్మా," అన్నాను. "బాగ భయపడుతున్న."

పెద్దావిడ అప్పుడు మొదటిసారి నా ముఖంలోకి సూటిగా చూసింది.

"చెయ్యకపోతే ఎట్ల పోతది?"

"అమ్మా..."

"చెప్పుండ్రి డాక్టర్ సాబ్. నా ఒళ్లె పెట్టుకుంట. సల్లగ నిద్రపోయినట్టు పోతదా?"

నేను చెప్పాను. సంచి పగిలితే చీము కడుపంతా పాకుతుందని, ఒళ్లంతా విషమవుతుందని, అది నిద్రలా ఉండదని, నొప్పితో మూలుగుతుందని, ఒకటి రెండు రోజులు పట్టవచ్చని. చెబుతుంటే ఆమె ముఖంలో ఏదో మారింది. ఆపరేషన్ వద్దనుకుంటే అది ఇంట్లో ప్రశాంతంగా పోతుందని ఆమె అనుకుంది. ఆ దారి లేదని అప్పుడే తెలిసింది.

"చేస్తే?"

"బల్ల మీదనే పోవచ్చు. గుండెల తేడా ఉండొచ్చని ఈ డాక్టరమ్మ అనుమానం. ఉండకపోవచ్చు కూడ. బతకొచ్చు. ఏదీ నేను ఖాయంగ చెప్పలేను."

ఆమె చాలాసేపు పిల్లి ముక్కు మీది నల్లమచ్చను బొటనవేలితో రాస్తూ కూర్చుంది. బయట ఎవరిదో మేక అరుస్తోంది.

"ఆయన ఆపరేషన్ అప్పుడు ఎవరన్న నాకు గిట్ల చెప్పుంటే..." అంది. తర్వాత, "చెయ్యిండ్రి," అంది. "నేను లోపల్నే ఉంట. తలుపు బయట కూసోను. ఒకపారి కూసున్న, చాలు."

నిబంధనల ప్రకారం కాదనాలి. నేను సరే అన్నాను.

చిన్న డాక్టరమ్మ, నేను మందుల అల్మారా ముందు నిలబడి మాట్లాడుకున్నాం. పూర్తి మత్తు ఇస్తే గుండె తట్టుకోదేమోనని ఆమె భయం. నాకు బర్రెలు గుర్తొచ్చాయి.

"మత్తు సగమే ఇచ్చి, కోసే చోట తిమ్మిరి మందు ఎక్కిస్తే?"

ఆమె ఆలోచించింది. "చేయొచ్చు సార్. పెద్ద కాలేజీలల్ల గుండె జబ్బు ఉన్నవాటికి గట్లనే చేస్తరు. కానీ ఆ మందు పిల్లికి జర ఎక్కువైనా విషమే. పల్చగ కలిపి, బరువును బట్టి లెక్క కట్టి ఇస్త. మీరు మెల్లగ ఎక్కించుండ్రి."

అట్లా మా ఇద్దరి భయాలూ కలిస్తే ఒక పద్ధతి తయారైంది. ఆమె లెక్క కట్టింది, నేను ఇంకోసారి కట్టాను, ఆమె మళ్లీ కట్టింది. చిన్న ఆక్సిజన్ సిలిండర్ తెచ్చి, నీళ్ల సీసా మూతివైపు భాగం కోసి పిల్లి మూతికి మాస్క్‌లా చేశాం. అవసరం పడితే ఊపిరి ఊదడానికి చిన్న రబ్బరు తిత్తి ఒకటి పక్కన పెట్టాం. కోడలు చేతులు కడుక్కొని, ముఖానికి మాస్క్ కట్టుకొని, తొడుగులు వేసుకొని ఆ తిత్తి దగ్గర నిలబడింది. అది తన పనే కదా అన్నట్టు ఎవరూ చెప్పకుండానే నిలబడింది. పెద్దావిడ బల్ల తలవైపు స్టూలు మీద కూర్చొని పిల్లి చెవుల మధ్య చెయ్యి పెట్టింది. అటెండర్ తలుపు దగ్గర నిలబడి, బర్రెలతో వచ్చినవాళ్లను అటే ఆపుతున్నాడు.

కత్తి చేతిలోకి తీసుకున్నాను.

పొట్ట తెరిచాను. పిల్లి ఒక్కసారి చెవి కదిపింది, అంతే. వేళ్లు లోపలికి పోనిచ్చి సంచిని అందుకున్నాను. అది నేను అనుకున్న దానికన్నా పెద్దగా, అనుకున్న దానికన్నా పల్చగా ఉంది. తడి కాగితంలో నీళ్లు మోసినట్టుంది. గోరు తగిలినా చినిగిపోతుంది. ఊపిరి బిగబట్టి దాన్ని బయటికి లేపుతున్నాను.

"ఆగుండ్రి సార్," అంది చిన్న డాక్టరమ్మ.

స్టెతస్కోప్ ఆమె చెవుల్లోనే ఉంది. కళ్లు మాత్రం మూసి లేవు.

"గుండె నెమ్మదైతంది. ఊపిరి తీస్తలేదు."

నా రెండు అరచేతుల్లో ఆ సంచి ఉంది. కింద పెట్టలేను, పైకి లాగలేను. కదిలితే పగులుతుంది. ఆమె ఒక చేత్తో స్టెతస్కోప్ పట్టుకొని, ఇంకో చేత్తో గుండెకు వేసే మందు సిరంజిలోకి లాగుతోంది. ఊపిరి తిత్తి కోడలి దగ్గర ఉంది. ఆమె వైపు చూశాను.

ఆమె బిగుసుకుపోయింది. తిత్తి చేతిలోనే ఉంది, చెయ్యి మాత్రం కదలడం లేదు. రోజూ ఈ పని చేసే మనిషి. కళ్లు పిల్లి మీద ఉన్నా, పిల్లిని చూడడం లేదని నాకు తెలిసింది. ఆమె ఇంకో గదిలో, ఇంకో బల్ల దగ్గర ఉంది. పేరు పెట్టి పిలుద్దామంటే నాకు ఆమె పేరు తెలియదు. "అమ్మా, అమ్మా," అన్నాను. వినపడలేదు.

పిల్లి నాలుక రంగు మారుతోంది.

"ఏయ్ పిల్లా!"

ఆ అరుపు స్టూలు మీది నుంచి వచ్చింది. పెద్దావిడ లేచి నిలబడింది. పిల్లి వైపు కాదు, కోడలి వైపు చూస్తోంది.

"ఏం జూస్తున్నవే? ఊదు! నువ్వు నర్సువు గాదా? ఊదు బిడ్డా, నీకొస్తది, ఊదు!"

కోడలు ఉలిక్కిపడి మేల్కొన్నట్టు కదిలింది. తిత్తి నొక్కింది. పిల్లి ఛాతీ లేచింది. వదిలింది. మళ్లీ నొక్కింది. చేతులు పని మొదలుపెట్టాక ఇక ఆగలేదు. ఎంత మెల్లగా, ఎంత సమంగా నొక్కిందంటే, ఆ గదిలో స్థిమితంగా ఉన్నవి ఆ చేతులు మాత్రమే. ఆమె కళ్ల నుంచి నీళ్లు ధారగా కారి తన ముఖం మీది మాస్క్‌లోకి పోతున్నాయి. తుడుచుకోలేదు. చిన్న డాక్టరమ్మ మందు వేసి మళ్లీ ఛాతీ మీదికి వంగింది.

ఎంతసేపు గడిచిందో నాకు తెలియదు. నేను సంచిని పట్టుకొని, పిల్లి నాలుకనే చూస్తున్నాను. నాకు తెలిసిన దేవుళ్లందరినీ పిలిచాను. బడిలో చదువుకున్నప్పుడు చర్చిలో విన్న ప్రార్థన కూడా సగం చెప్పుకున్నాను.

"వస్తంది," అంది చిన్న డాక్టరమ్మ. "సార్, గుండె వస్తంది."

ఆ తర్వాత పిల్లి తనంతట తాను ఒక ఊపిరి తీసింది. ఇంకొకటి తీసింది. నాలుక మీదికి గులాబీ రంగు మెల్లమెల్లగా పాకింది.

"ఇప్పుడేం చేద్దాం సార్? కుట్టేద్దామా?" అంది డాక్టరమ్మ. సంచి అలాగే వదిలేసి మూసేయవచ్చు. అది రెండు రోజులు బతుకుతుంది. ముందుకు పోతే గుండె మళ్లీ ఆగవచ్చు. నిర్ణయం అంతకుముందే అయిపోయిందనుకున్నాను. కాలేదు. నేను పెద్దావిడ వైపు చూశాను. ఆమె కోడలి వైపు చూసింది.

"నువ్వు చెప్పు," అంది.

కోడలు తిత్తి మీది నుంచి చెయ్యి తీయకుండా, చాలా నెమ్మదిగా అంది. "తీసెయ్యిండ్రి సార్. నేను ఊపిరి చూసుకుంట."

తీసేశాను. ముడి తర్వాత ముడి వేశాను. సంచి పగలకుండా బయటికి వచ్చి పళ్లెంలో పడింది. చివరి కుట్లు చిన్న డాక్టరమ్మ వేసింది. నేను స్టూలు మీద కూర్చున్నాను. ఆ స్టూలు పెద్దావిడది. ఆమె లేచి అప్పటికి చాలాసేపైంది. కోడలి పక్కన నిలబడి, చీర కొంగుతో ఆమె ముఖం తుడుస్తోంది.

భయం అక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటు. మధ్యాహ్నం దాటినా పిల్లి తల ఎత్తలేదు. వేడినీళ్ల సీసాలకు గుడ్డలు చుట్టి పక్కన పెట్టాం. గంట గంటకూ చిగుళ్లు చూశాం. ఊపిరి వేగమైతే ఊపిరితిత్తుల్లో నీళ్లు చేరాయేమోనని భయం. నెమ్మదిస్తే గుండె ఆగుతోందేమోనని భయం. బయట గొర్రెలకు మందులు రాస్తూనే, ప్రతి పది నిమిషాలకూ ఏదో మరిచిపోయినట్టు లోపలికి వచ్చేవాణ్ణి. అత్తాకోడళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్నారు. అటెండర్ టీ తెచ్చిచ్చాడు. తాగలేదు.

ఎండ వాలుతుండగా చిన్న డాక్టరమ్మ గట్టిగా అరిచింది. పరుగెత్తి వెళ్లాను. ఆమె పిల్లి కింది గుడ్డ ఎత్తి పట్టుకొని నవ్వుతోంది.

"ఉచ్చ పోసింది సార్!"

కిడ్నీలు పనిచేస్తున్నాయన్నమాట. పిల్లి ఉచ్చకు ఐదుగురు పెద్దమనుషులు అంత సంబరపడడం ఆ గోడలు ఎప్పుడూ చూసి ఉండవు. కొద్దిసేపటికి అది తల ఎత్తి, అటెండర్‌ను చూసి, సన్నగా గుర్రుమంది. అతడు రెండడుగులు వెనక్కి వేశాడు.

కుట్లు విప్పించుకోవడానికి వచ్చిన రోజు ఆ పిల్లి నా ముంజేయి మీద గీసిన గీత ఇప్పటికీ లీలగా ఉంది. తర్వాత హైదరాబాద్‌లో గుండె స్కాన్ చేయించారు. డాక్టరమ్మ చెవులు అబద్ధం చెప్పలేదు. గుండె కండరం దళసరి అయింది. రోజూ మాత్ర వేయాలి. ఎప్పుడైనా ఏదైనా కావచ్చన్నారు. ఆ మాత్ర వేసే దగ్గర అత్తాకోడళ్లకు పెద్ద గొడవలయ్యేవట. నువ్వు సరిగ్గా మింగించలేదంటే నువ్వు సరిగ్గా పట్టుకోలేదని. గట్టిగట్టిగా, వాడకట్టంతా వినపడేటట్టు. మా అటెండర్ ఆ గొడవలను వచ్చి నాకు ముచ్చటగా చెప్పేవాడు.

నేను రిటైర్ అయ్యాను. ఆ ఇంటి నంబర్ నా ఫోన్‌లో ఉండిపోయింది. పండక్కో, దేనికో వాళ్లు ఫోన్ చేసినప్పుడల్లా ఎత్తేముందు నా చెయ్యి ఒక్క క్షణం ఆగేది. చివరికి ఒకరోజు మధ్యాహ్నం, నేను కూరగాయలు తెచ్చుకొని వస్తుంటే మోగింది. మాట్లాడింది పెద్దావిడ.

"డాక్టర్ సాబ్, పోరి పోయింది."

దారిపక్కన ఆగాను.

"పొద్దుగాల చాప తిన్నది సార్. కోడలు కుర్చీల కూసుంటే ఆమె ఒళ్లె ఎక్కి పండుకున్నది. ఎండ పడుతుండె. ఈమె సెల్లు చూసుకుంట నిమురుతనే ఉంది. ఎప్పుడు పోయిందో ఈమెకు గూడ తెల్వలే. మంచిగ పోయింది డాక్టర్ సాబ్. గా మాట చెప్దామనే ఫోన్ చేసిన."

వెనక నుంచి కోడలి గొంతు వినపడింది, "అత్తమ్మా, సార్‌కు దండం పెట్టిన అని చెప్పు," అంటూ.

ఆ పిల్లలకు ఈ కథ చెప్పడంలో నాకు పెద్ద ఉద్దేశం ఏమీ లేదు. ధైర్యం ఎలా తెచ్చుకోవాలని వాళ్లు అడుగుతారు. అది నాకు తెలియదు, నేను తెచ్చుకోలేదు. భయపడుతున్నానని ఒప్పుకున్నాక అవతలివాళ్లు నన్ను వదిలిపెట్టి పోలేదు, వచ్చి నా పక్కన నిలబడ్డారు. నేను చూసింది అంతే. ఆ రోజు ఫోన్ జేబులో పెట్టుకొని, కూరగాయల సంచి కింద పెట్టి, రోడ్డు పక్కన చాలాసేపు నిలబడ్డాను. పోయినందుకు దుఃఖమే. అయినా ఎన్నాళ్లుగానో బిగబట్టి ఉన్న ఊపిరి ఏదో మెల్లగా వదిలినట్టయింది.